డీజిలు నిండుకుంది

నేను లైబ్రరీలో పని చేస్తున్నానని మా అమ్మ చాలాకాలం అందరికీ చెప్పుకుంది. చుట్టాలు, పక్కింటివాళ్లు, కూరగాయల బండి ఆయన, ఎవరడిగినా అదే జవాబు. అందులో అబద్ధమేమీ లేదు. నేను పని చేసేది వర్క్‌ఫ్లో లైబ్రరీ మీద. కాకపోతే అందులో పుస్తకాలుండవు, బీరువాలుండవు, నిశ్శబ్దం పాటించమనే బోర్డు కూడా ఉండదు. ఒకసారి ముళబాగిలు నుంచి వచ్చిన మా పిన్ని, పాత వారపత్రికలు ఏవైనా ఉంటే తెచ్చిపెట్టమని నన్ను అడిగింది. అమ్మ ఆశగా నా మొహం చూసింది. నేను కోలారు బస్టాండుకు పోయి నాలుగు పత్రికలు కొనుక్కొచ్చి ఇచ్చాను. విడమరచి చెప్పడం కంటే కొనివ్వడమే సులువనిపించింది.

మా ఆఫీసు కోలారు పక్కనే తమకలో, ఒక వెల్డింగు షాపు పైన ఉండేది. కింద ఇనుము కోసే మోత, పైన మేం కొద్దిమందిమి. వేరే ప్రోగ్రాములు రాసేవాళ్లు తెచ్చి తమ పనిలో అతికించుకునే తయారు సరుకు మాది. ఒక పని ఏ వరసలో జరగాలో దానికి చెప్పిపెడితే, ఆ వరస తప్పకుండా నడిపిస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా "ఇది మొదలైంది", "ఇది ముగిసింది", "ఇది ఆగిపోయింది" అని ఒక కేక వేస్తుంది. ఆ కేక వినాల్సినవాళ్లకు వినిపించడం, ఎప్పుడు ఏ కేక వేశామో, ఎవరు విన్నారో రాసిపెట్టడం నా భాగం.

మాలాగా కేజీఎఫ్‌లో, కోలారు బంగారు గనుల ఊళ్లో, పెరిగినవాళ్లకు ఇది అర్థం కావడం కష్టం కాదు. గనులు నడిచిన రోజుల్లో షిఫ్టు సైరను కూసేది. కూత ఒకటే. అది విని గనిలోకి దిగేవాళ్లు దిగేవాళ్లు, ఆఫీసులో గుమాస్తా అయిన మా నాన్న గడియారం సరిచేసుకునేవాడు, అమ్మ ఎసట్లో బియ్యం పోసేది, మేం ఇంకో ఐదు నిమిషాలు పడుకోవచ్చా లేదా అని లెక్క వేసుకునేవాళ్లం. ఒక కూత, వినేవాళ్లు వేలమంది, ఎవరి పని వాళ్లది. మా లైబ్రరీ కూడా అంతే. తేడా ఏమిటంటే, సైరను కూసిందని ఎవరూ ఎక్కడా రాసిపెట్టుకునేవాళ్లు కాదు. మేం రాస్తాం. ఆ రాతను మావాళ్లు లాగు అంటారు.

"లాగు రాయడమేమిటే?" అని అమ్మ మొదటిసారి విన్నప్పుడు అడిగింది. మా ఇళ్లలో లాగు అంటే మగపిల్లలు వేసుకునే నిక్కరు. ఆమె తెలుగు టీచరు. గనులు మూతపడి పిల్లలు ఊరు వదిలిపోతుంటే, మా ఊరి రాబర్ట్‌సన్‌పేటలో ఆమె పాఠాలు చెప్పే చిన్న బడి కూడా మూతపడింది. తర్వాత ఇంట్లోనే ట్యూషన్లు చెప్పింది. నాన్న పోయాక నాతోపాటు తమకకు వచ్చేసింది. మాటలు చెడగొడితే ఆమెకు ఒళ్లు మండుతుంది. "చదువుకున్నోళ్లు కదా, దానికొక మర్యాదైన పేరు దొరకలేదా మీకు" అని ఆ రోజంతా గొణిగింది.

ఆమె తెలుగులో కొన్ని మాటలకు ఇంట్లోకి రావడానికి అనుమతి లేదు. దీపం ఆర్పమని అనదు, కొండెక్కించమంటుంది. గడప దాటేటప్పుడు "పోతాను" అంటే వెనక్కి పిలిచి "పోయొస్తాను" అనిపించి పంపుతుంది. ఇంట్లో సరుకు అడుగంటితే "అయిపోయింది" అనదు, "లేదు" అసలే అనదు. "నిండుకుంది" అంటుంది. ఉప్పు నిండుకుంది, నూనె నిండుకుంది, బియ్యం నిండుకున్నాయి. ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని మరీ ఆ మాట అంటుంది. లేదు అంటే లేకుండానే పోతుందని పెద్దల భయం. తెలుగువాళ్లకు కొత్త విషయమేమీ కాదు, కాకపోతే అమ్మ దాన్ని చట్టంలాగా అమలు చేసేది.

ముళబాగిలు రోడ్డులో ఒక చిన్న పాల డైరీ మా లైబ్రరీని పెట్టించుకుంది. చుట్టుపక్కల పల్లెలవాళ్లు పొద్దునా సాయంత్రమూ పాలు పోస్తారు. తూకం వేస్తారు, వెన్న శాతం చూస్తారు, చల్లబరిచే పెద్ద తొట్టిలో పోస్తారు. దాన్ని అందరూ కూలరు అంటారు. పొద్దున లారీ వచ్చి తీసుకుపోతుంది. కరెంటు పోతే జనరేటరు దానంతటదే పట్టుకుంటుంది, డీజిలుంటే. ట్యాంకులో డీజిలు అడుగుకు వస్తే మా ప్రోగ్రాము ఆపరేటరుకు ఫోను చేయాలి. ఆయన ఎత్తి, విని, ఒకటి నొక్కితే కబురు అందినట్టు. నొక్కకపోతే ఓనరుకు పోతుంది. నొక్కితే మాత్రం ఇంకెవరికీ పోదు. ఒకరు వింటే చాలు, ఊరందరి నిద్రా చెడగొట్టడం దేనికని మేమే అలా పెట్టాం.

అక్కడివాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదివారు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవమంటే కుదరదు. అందుకని రాతకబురు వద్దు, గొంతే పెట్టండి అన్నాడు ఓనరు. మా ఆఫీసులో అందరి తెలుగూ సగం ఇంగ్లీషు. నా తెలుగు ఫోనులో వింటే అప్పు వసూలుకు వచ్చినట్టుంటుందని మా బాసు అన్నాడు. అలా పని అమ్మ మీదికి పోయింది.

అమ్మకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బడి మూతపడ్డాక ఆమె గొంతు నలుగురు వినడం అదే మొదలు. కిటికీలు మూసి, తలుపు సందులో దుప్పటి కుక్కి, మంచం మీద కూర్చోబెట్టి నా ఫోనులోనే రికార్డు చేశాను. రెండుసార్లు కుక్కరు కూసింది, ఒకసారి రోడ్డు మీద లారీ హారను కొట్టింది. అమ్మ విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చెప్పింది. నేను రాసిచ్చిన వాక్యాలను మాత్రం వదిలిపెట్టలేదు. పెన్నుతో గీతలు కొట్టి దిద్దింది. నేను "డీజిలు ఖాళీ అయింది" అని రాశాను.

"సాయంత్రంపూట ఒకరికి ఫోను చేసి ఖాళీ అంటావా?" అంది. "పాడిగొడ్లు ఉండే చోటు పాపా అది. నిండుకుంది అను. ఇనేవాడికీ బాగుంటాది, అనేదానికీ బాగుంటాది."

నేను నవ్వి ఊరుకున్నాను. నాకు అర్థమైంది కాబట్టి అందరికీ అర్థమవుతుందనుకున్నాను. ప్రోగ్రాములు రాసేవాళ్ల జబ్బే అది. టీచర్లకు కూడా ఉంటుందని అప్పుడు తెలియదు. "నమస్కారం. జనరేటరుకు డీజిలు నిండుకుంది. విన్నట్టయితే ఒకటి నొక్కండి" అని అమ్మ స్పష్టంగా, మొదటి బెంచీ పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. మేం దాన్ని ఎక్కించాం.

డైరీ ఆపరేటరును నేను అక్కడి పని మొదలుపెట్టిన రోజుల్లోనే చూశాను. రాబర్ట్‌సన్‌పేట మనిషి. ఇంట్లో తమిళం, బజారులో తెలుగు, ఆఫీసులో కన్నడం. గని మూసినప్పుడు కుర్రవాడు, చేరి ఎన్నాళ్లో కాలేదట. ఆ తర్వాత మా ఊళ్లో సగంమందిలాగే చీకటితోనే లేచి బెంగళూరు రైలెక్కాడు, చీకటి పడ్డాక దిగాడు. సొంత పిల్లలు తనను ఆదివారం చుట్టంలా చూసేవాళ్లని నాతో చెప్పాడు. ఈ డైరీ పని దొరికాక రైలు మానేశాడు. "ఇప్పుడు నా కూతురు నాతో కొట్లాడతాదిమ్మా," అని ఎంతో గొప్పగా చెప్పాడు. నాకు ఆ మాట గుర్తుండిపోయింది.

ఒక సాయంత్రం పాలు పోయడం ముగిశాక ఆయన టెంపో డ్రైవరుకు క్యాన్లిచ్చి డీజిలు తెచ్చి ట్యాంకులో పోయమన్నాడు. డ్రైవరు సరేనన్నాడు. ఆపరేటరు తాళం ఒకటి అతనికిచ్చి బస్సెక్కాడు. బస్సులో ఉండగా మా ప్రోగ్రాము ఫోను మోగింది, అదే మొదటిసారి. ఎత్తి, విని, ఒకటి నొక్కాడు. ఫోను జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. అటు టెంపో ముళబాగిలు దాటకముందే చెడిపోయింది. డ్రైవరు, పొద్దున పోస్తే పోయిందిలే అనుకుని బండి దగ్గరే ఉండిపోయాడు. ఆ రాత్రి కరెంటు పోయి తెల్లవారినా రాలేదు. జనరేటరు తిరగలేదు. పొద్దున మూత తీస్తే కూలరు నిండా పులిసిన పాలు. పల్లెలవాళ్ల కళ్లముందే ఆ పాలు కాలవలోకి వదిలారు. ఒక ముసలావిడ కాలవ పక్కన కూర్చుని ఏడ్చిందని తర్వాత విన్నాను.

ఓనరు ఆఫీసుకు ఫోను చేసి లాగు పంపమన్నాడు. నేను తీసి పంపాను. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే పంపాను. నా లాగు ఎప్పుడూ తప్పు రాయదు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్తే ఇంతే: డీజిలు ఖాళీ, ఆపరేటరుకు కబురు చెప్పాం, విన్నానని ఆపరేటరు జవాబిచ్చాడు. సెకన్లతో సహా ఉంది. ఓనరు దాన్ని కాగితం మీద అచ్చేయించి ఆపరేటరు ముందు పెట్టాడట. డీజిలు ఖాళీ అని చెవిలో చెప్పినా పట్టించుకోకుండా ఇంటికి పోయిన మనిషి నాకొద్దు, సోమవారం నుంచి వేరే ఆయన వస్తాడు అన్నాడట.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం ఆపరేటరు నాకు ఫోను చేశాడు. ఆఫీసు మెట్ల మీద నిలబడి మాట్లాడాను. కింద ఇనుము కోస్తున్నారు, ఒక చెవి మూసుకోవాల్సి వచ్చింది.

"అమ్మా, మీ మిషను నాకు ఫుల్లని చెప్పిందిమ్మా."

నాకు కోపం వచ్చింది. "అట్ల చెప్పదు. ఖాళీ అయితేనే ఫోను చేస్తాది. లాగులో ఉండాది కదా," అన్నాను.

"లాగులో ఏముండాదో నాకు తెల్దు. నా చెవిలో ఫుల్లని చెప్పింది. నా బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. ఏం చెప్పిందో, విన్నది విన్నట్టు చెప్పండి."

ఆయన కాసేపు ఆలోచించి, అమ్మ గొంతును అనుకరిస్తూ, నిదానంగా చెప్పాడు. "జనరేటరుకు డీజిలు నిండుకునింది. ఒకటి నొక్కండి. టెంపోవాడు పోసేసినట్టుండాడు అనుకుంటిని. నొక్కేస్తిని. ఇంగేం జేయాలమ్మా? నిండింది అంటే నిండిందే కదా?"

నేను మెట్ల మీద కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఎన్నో ఏళ్లుగా తలుచుకోని సంగతి. గని మూసిన కొత్తలో నాన్న పని వెతుక్కుంటూ బెంగళూరు పోయి ఒక వారం రాలేదు. అమ్మకు బడి జీతం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఒక సాయంత్రం ఆమె బియ్యం డబ్బాలో చేయిపెట్టి చూసి, తనలో తాను "బియ్యం నిండుకున్నాయి" అనుకోవడం విన్నాను. నాకు సంతోషమైంది. నిండటం అంటే నిండటమే కదా అనుకునే వయసు. బయట ఆడుకుంటుంటే పక్క క్వార్టరు తమిళ ఆంటీ వచ్చి, "పాపా, ఇంట్లో బియ్యం ఉండాదా?" అని మెల్లగా అడిగింది. "నిండుకున్నాయంట ఆంటీ," అన్నాను హుషారుగా. "ఫుల్లా? సరి సరి, నల్లదు," అని, మంచిదేనని తమిళంలో చెప్పి, నా బుగ్గ గిల్లి వెనక్కి పోయింది. ఆమె కొంగు కింద ఏదో గిన్నె ఉంది. ఆ రాత్రి మేం రాగిజావ తాగి పడుకున్నాం. ఆ మాటకు అసలు అర్థం తెలిసేసరికి నేను పెద్దదాన్నయ్యాను, ఆంటీ వాళ్లు ఊరొదిలి పోయారు.

నేను చేసిన పొరపాటే ఈయన చేశాడు. నన్నైతే ఎవరూ పనిలోంచి తీసేయలేదు.

బాసుకు చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "లాగు కరెక్టుగానే ఉంది కదా. కబురు పోయింది, జవాబు వచ్చింది. మనం పోయి తప్పు మాదే అంటే రేపు పులిసిన ప్రతి పాలచుక్కా మన నెత్తిన పడతాది," అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నేను నా కుర్చీలోకి పోయి నా లాగు మళ్లీ చూశాను. ప్రతి అక్షరమూ నిజమే. మేం ఏం చెప్పాలనుకున్నామో అది రాసి ఉంది. ఆ మనిషి చెవిలో పడిందేమిటో ఎక్కడా లేదు. ఇన్నేళ్లు ఆ భాగాన్ని నేనే రాశాను, నేనే మెరుగుపెట్టాను, ఆ ఒక్క ఖాళీ మాత్రం నా కంటికి కనిపించలేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక టీ తాగకుండా ఇంటికి వచ్చేశాను.

అమ్మకు చెప్పడమా మానడమా అని వంటింటి గుమ్మంలో తచ్చాడాను. ఆమె ఆ రికార్డింగును ఎంతమందికి వినిపించిందో నాకు తెలుసు. చివరికి చెప్పేశాను. ఆమె పొయ్యి తగ్గించి విన్నది. ఆపరేటరు కూతురి మాట కూడా చెప్పాను.

"ఆయప్ప ఇంగ మళ్లా బెంగళూరు రైలెక్కాల్నా?" అంది ఆపరేటరు గురించి.

"వేరే మనిషి సోమవారం వస్తాడంట."

"అట్లయితే రేపే పోదాం. మాట నాది. నేనే వస్తాను," అంది.

పొద్దున బస్సులో పోయాం. అమ్మ బడికి పోయేటప్పుడు కట్టుకునే గంజి పెట్టిన చీర కట్టుకుంది. డైరీ ముందు పాలు పోసినవాళ్లు ఇంకా ఇళ్లకు పోలేదు. ఖాళీ క్యాన్లు పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నారు, పారబోసిన పాల సంగతి తేలేదాకా కదిలేలా లేరు. ఓనరు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆపరేటరు గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నన్ను చూసి తల ఊపాడు. అమ్మను చూసి ఎవరో తెలియక నమస్కారం పెట్టాడు.

ఓనరు మొండివాడే కానీ చెడ్డవాడు కాదు. అమ్మకు కుర్చీ వేయించాడు. "చూడమ్మా, నాకేం ఆయన మీద పగ ఉండాదా? రికార్డు ఉండాది. ఖాళీ అని చెప్పినారు, ఇన్నానని నొక్కినాడు. ఇంగ మాట్లాడేదేముండాది?" అన్నాడు.

"మీరు ఆ మాట ఎప్పుడైనా ఇన్నారా?" అని అమ్మ అడిగింది.

వినలేదు. ఫోను ఎప్పుడూ ఆయనదాకా పోలేదు. నేను నా ఫోనులోనే ఆ రికార్డింగు తీసి, గొంతు పెద్దది చేసి, బల్ల మీద పెట్టాను. అమ్మ గొంతు ఆ రేకుల కింద గట్టిగా పలికింది. క్యాన్ల దగ్గరున్నవాళ్లు కూడా దగ్గరికి వచ్చారు.

"ఏమర్థమైంది?" అని అమ్మ అడిగింది, బళ్లో అడిగినట్టే.

"డీజిలు ఫుల్లయిందని," అన్నాడు టెంపో డ్రైవరు. పక్కనున్న మగవాళ్లు ఇద్దరు ముగ్గురు అవునన్నారు. ఓనరు బల్ల మీది ఫోను వైపు చూశాడు. ఆయన మొహం చూస్తే ఆయనకూ అదే అర్థమైందని తెలిసిపోయింది.

వెనక నుంచి ఒక ముసలావిడ, "యాడ ఫుల్లురా? అయిపోయిందని చెప్తా ఉండాది కదా ఆయమ్మ. మన ఇండ్లలో ఉప్పు నిండుకునింది అని అంటాము కదా," అంది.

"నువ్వంటావమ్మా, నాకేం తెలుసు?" అన్నాడు డ్రైవరు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ముసలావిడ పక్షాన చేరారు. కొంతసేపు పాల సంగతి పక్కనపెట్టి ఆ మాట మీదే వాదులాడుకున్నారు. ఆడవాళ్లకు ఖాళీ, మగవాళ్లకు ఫుల్లు. ఒకే ఇంటివాళ్లు కూడా అటూ ఇటూ అయ్యారు. నాకు అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

అమ్మ చేయెత్తింది. అందరూ ఆగారు.

"బళ్లో నేను చెప్పింది పిల్లోడికి అర్థం కాకపోతే, తప్పు పిల్లోడిదని ఏ రోజూ అనలేదు," అంది ఓనరుతో. "ఈ మాట చెప్పింది నేను. ఖాళీ అని మా పాప రాసిస్తే నేను కొట్టేసి ఇది పెట్టినాను. ఇనేటోళ్లు ఎవరని ఆలోచించలేదు. గేటు బయట నిలబెట్టాల్సింది నన్ను. ఆయప్ప తాను ఇన్నదానికి సరిగ్గానే నొక్కినాడు."

ఓనరు కాగితాన్ని మడిచాడు, విప్పాడు. "అట్లయితే ఎట్ల చెప్పుండాలమ్మా?" అన్నాడు. అడగడంలో ఎకసెక్కం లేదు. నిజంగానే అడిగాడు.

అమ్మ నోరు తెరిచింది, మూసింది. చీర కొంగు సర్దుకుంది. ముప్పయ్యేళ్లకు దగ్గరపడిన నా జీవితంలో ఆమె నోట ఏ సరుకు గురించీ ఆ మాట నేను వినలేదు. నేను అందిద్దామనుకున్నాను, కానీ పెదవి కదపలేదు. అది నేను అనగలిగే మాటే, నేనంటే దానికి విలువ లేదు. ఆమె గేటు వైపు చూసింది.

"డీజిలు లేదు," అంది.

గొంతు చిన్నగా వచ్చింది. ఆమెకే తృప్తి కలగలేదేమో, నా వైపు తిరిగి "ఫోను పట్టుకో, ఇక్కడే రికార్డు చెయ్యి," అంది. పట్టుకున్నాను. క్యాన్ల మోత, దూరంగా ఒక ఆవు అరుపు, హైవే మీద లారీలు, అన్నీ అందులో పడ్డాయి. "నమస్కారం. జనరేటరులో డీజిలు లేదు. వెంటనే పోయండి. విన్నట్టయితే ఒకటి నొక్కండి." ఈసారి గొంతు బళ్లో పలికినట్టే పలికింది.

ఓనరు లేచి గేటు దగ్గరికి పోయి ఆపరేటరు భుజం మీద చెయ్యివేసి లోపలికి తెచ్చాడు. "సోమవారం వస్తానన్నోడికి వద్దని చెప్తాలే," అన్నాడు. పాల నష్టం ఎలా పంచుకున్నారో అది వాళ్లలో వాళ్లు తేల్చుకున్నారు, మా బాసు కూడా పోయి ఏదో ఒప్పుకొచ్చాడు. ఆపరేటరు అమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మీ గొంతేనామ్మా అది? నాకు మా స్కూలు మిస్సు మాదిరి ఉండె," అన్నాడు. అమ్మ ఆయన కూతురు ఏ క్లాసని అడిగింది.

ఆ తర్వాత నేను లాగులో ఒక వరస చేర్చాను. సంఘటన పేరు పక్కనే, అవతలివాళ్లకు వినిపించిన మాట ఉన్నదున్నట్టు. మా లైబ్రరీ వాడేవాళ్లు ఇదెందుకు, చోటు దండగ అని ఇప్పటికీ విసుక్కుంటారు. నేను తీయను. ఎందుకో వాళ్లకు చెప్పను కూడా, అదొక పెద్ద కథ.

ఆ రోజు తిరుగు బస్సులో అమ్మకు కిటికీ సీటు దొరికింది. కొంత దూరం పోయాక, బియ్యం నిండుకున్నాయని నేను ఆంటీకి చెప్పిన సంగతి చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆమె నవ్వుతుందనుకున్నాను.

"నాకు తెలుసు," అంది. "కిటికీలోంచి చూస్తానే ఉంటిని. కొంగు కింద గిన్నె పెట్టుకోని వచ్చింది, అట్లే తిరిగి పోయింది."

"మరి పిలవలేదేమి?"

"పిలిస్తే చెప్పాల కదా పాపా." కొంగుతో మొహం తుడుచుకుంది. "గడప దాకా వచ్చినాను. లేవు అనే ఒక్క మాట. నోట్లోకి వచ్చింది, బయటికి రాలేదు. మీకు జావ కాచి పోసినాను. నువ్వు ఇంకొంచెం పొయ్యమంటివి."

నాకది గుర్తులేదు. ఆమె చేతి మీద చెయ్యి వేశాను. నరాలు తేలి, సుద్దముక్క పట్టీ పట్టీ ఒక వేలు కాస్త వంగిన చెయ్యి. నేను ఎప్పటినుంచో దాచుకున్నదాన్నే ఆమె కూడా ఇన్నాళ్లూ దాచుకుందని తెలిసి ఏడుపొచ్చింది.

"ఈరోజు వచ్చింది కదమ్మా," అన్నాను.

"మన ఇంటి సంగతైతే మనం దాచుకోవచ్చు," అంది. "ఆయప్పది దాచేదానికి నేనెవరు?"

కోలారులో దిగేసరికి మధ్యాహ్నమైంది. ఆటో పిలవబోతుంటే అమ్మ ఆపి, అంగడికి పోయి పోదామంది. ఏం కావాలని అడిగాను. రోడ్డు మీద జనం పోతున్నారు, చుట్టూ చూసి, నా చెవిలో కాకుండా మామూలు గొంతుతోనే చెప్పింది.

"బియ్యం లేవు," అంది.